నాలుగు కొమ్ముల శివమృగం

ఎముకలు ఏరడం ఇద్దరిలో ఎవరి ఉద్యోగమూ కాదు. హ్యూ ఫాల్కనర్ సహారన్‌పూర్‌లో ఈస్టిండియా కంపెనీ వారి ఉద్యానవనానికి అధికారి. ప్రాబీ కాట్లీ కాలువల ఇంజనీరు. 1854లో నీళ్లు వదిలిన గంగా కాలువ ఆయన కట్టించిందే. 1830ల్లో తీరిక చిక్కినప్పుడల్లా వీళ్లు శివాలిక్ కొండల్లో రాళ్లు పగలగొట్టేవారు. అక్కడి జనానికి ఆ ఎముకలు కొత్త కాదు. ‘బిజ్లీ కీ హాడ్’, అంటే పిడుగు ఎముకలు అనేవారు.

అలా దొరికిన ఓ భారీ పుర్రెను 1836లో లోకానికి పరిచయం చేస్తూ, వాళ్లు శివుడి పేరుకు గ్రీకులో మృగమనే మాట అతికించారు: సివాథీరియం. కళ్ల మీద రెండు చిన్న కొమ్ములు, వెనక దుప్పికున్నట్టు వెడల్పుగా విచ్చుకున్న రెండు పెద్దవి. మరుసటి ఏడు లండన్ భూగర్భ శాస్త్ర సంఘం ఇద్దరికీ వొలాస్టన్ పతకం ఇచ్చింది.

పతకం వచ్చింది గానీ జంతువు కుదురుగా నిలబడలేదు. ముక్కు ఎముకల తీరు చూసి దానికి తొండం ఉండేదనుకున్నారు. నెమరువేసే పశువులకూ ఏనుగు వంటి భారీ జంతువులకూ నడిమి జీవి అన్నారు. కాదు, ఇది జిరాఫీ జాతిది అన్నాడు పారిస్‌లో జెఫ్రాయ్ సెంట్‌హిలేర్. ఆ మాట వాళ్లకు రుచించలేదు. చివరికి నెగ్గింది మాత్రం పారిస్ వాదమే. మెడ పొట్టి, ఒళ్లు గట్టి. ఎద్దులా దిట్టమైన జిరాఫీ అన్నమాట. ఇదే ప్రజాతి ఎముకలు ఆఫ్రికాలోనూ దొరికాయి. తొండం పోయాక తూకమూ తగ్గింది: ఏనుగంత అని చెప్పుకున్న దాని బరువును 2016లో కంప్యూటర్ నమూనాతో లెక్కగడితే సుమారు 1,250 కిలోలే తేలింది. జిరాఫీ వంశంలో అదీ తక్కువేం కాదు.

పొరపాట్లన్నిటిలోకీ ముచ్చటైనది ఇరాక్‌లోని కిష్‌లో మొదలైంది. సుమేరియన్ల కాలం నాటి, పగ్గాలు దూర్చే కడియం ఒకటి తవ్వకాల్లో బయటపడింది. దాని మీద కొమ్ముల జంతువు బొమ్మ. అది సివాథీరియమేనని 1936లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ కోల్‌బర్ట్ వాదించాడు. అంటే నగరాలు కట్టిన మనుషులు దాన్ని సజీవంగా చూశారని! ఊహ అందమైనదే, చాలా ఏళ్లు బతికింది కూడా. 1977లో మ్యూజియం నిల్వ గదిలో ఆ బొమ్మ కొమ్ముల విరిగిన ముక్కలు దొరికాయి. అతికించి చూస్తే అది పశ్చిమాసియాలో తిరిగే మామూలు దుప్పి.