లేటెక్‌లో చిత్ర పరిమాణ దోషాలు, సవరణ

డొనాల్డ్ నూత్ రూపొందించిన టెక్ అక్షరకూర్పు వ్యవస్థ ఆధారంగా 1980లలో లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లేటెక్‌లో, చిత్రాలను గ్రాఫిక్స్ఎక్స్ ప్యాకేజీలోని ఇన్‌క్లూడ్‌గ్రాఫిక్స్ ఆదేశంతో చేరుస్తారు. కొలతలేవీ పేర్కొననప్పుడు చిత్రం తన సహజ పరిమాణంలోనే పుటపైకి వస్తుంది. పిక్సెళ్ల సంఖ్యను రిజల్యూషన్‌తో, అంటే అంగుళానికి ఇన్ని పిక్సెళ్లు అనే లెక్కతో, భాగిస్తే ఆ పరిమాణం తెలుస్తుంది. కనుక 1200 పిక్సెళ్ల వెడల్పున్న చిత్రం 300 రిజల్యూషన్ వద్ద 4 అంగుళాలకు ఒదిగినా, ఫైలులో ఆ వివరం లేక, పీడీఎఫ్‌ను తయారుచేసే పీడీఎఫ్‌టెక్ 72ను ప్రమాణంగా తీసుకున్నప్పుడు 16 అంగుళాలు దాటి పుట అంచును మించిపోతుంది.

దీని నివారణకు వెడల్పును పాఠ్యభాగపు వెడల్పులో (టెక్స్ట్‌విడ్త్‌లో) ఒక వంతుగా, ఉదాహరణకు 0.8గా, ఇవ్వడం మేలు. అయితే రెండు కాలమ్‌ల పుటల్లో టెక్స్ట్‌విడ్త్ రెండింటినీ కలిపి కొలుస్తుంది కాబట్టి, ఒక కాలమ్‌లో ఇమడవలసిన చిత్రానికి కాలమ్‌విడ్త్‌ను వాడాలి. వెడల్పు, ఎత్తు రెండూ ఇచ్చినప్పుడు చిత్రం సాగిపోకుండా కీప్‌యాస్పెక్ట్‌రేషియో అనే ఆప్షన్ కాపాడుతుంది. కొలత సరిగా ఉన్నా చిత్రం చిన్నదిగా కనబడితే, చుట్టూ ఉన్న ఖాళీ అంచు కూడా లెక్కలో చేరిందేమో పరిశీలించి, ట్రిమ్, క్లిప్ ఆప్షన్లతో దానిని తొలగించాలి. లాగ్ ఫైలులోని ఓవర్‌ఫుల్ హెచ్‌బాక్స్ హెచ్చరిక, పంక్తి ఎన్ని పాయింట్ల మేర హద్దు దాటిందో తెలుపుతుంది.