దూలము బీటవారు లెక్క

బ్రహ్మంగారిమఠము మొదలు జమ్మలమడుగు వరకు మన సీమలో నాపబండ నెరుగని వారుండరు. ఆ బండను రెండు గోడలపై పరచి నడుమ మితిమీరిన బరువుంచినచో పగులు ఎచ్చట పుట్టును? పైన గాదు, అడుగున. బండ వంగినపుడు పైపొర నొక్కుకొనును, క్రిందిపొర సాగును. రాయి నొక్కుడునకు మల్లుడు, సాగుడునకు పసిబిడ్డ. గండికోటలో మాధవరాయస్వామి గుడి మండపములు కట్టిన శిల్పులకు ఈ సంగతి చక్కగా తెలియును. కనుకనే స్తంభములను దగ్గరదగ్గరగా నిలిపి, రాతిదూలము దాటవలసిన ఎడమును కుదించిరి.

కాంక్రీటు గూడ రాతిజాతిదే. దాని సాగుడుబలము నొక్కుడుబలములో సుమారు పదియవ వంతు. అడుగున ఇనుపకడ్డీలు వేయుట పందొమ్మిదవ శతాబ్దిలో పుట్టిన ఉపాయము. కడ్డీ దూలమును పడనీయదు గాని సన్నని బీటల నాపజాలదు. బీటయే రాకుండ జేయుట ఎట్లు? బండిచక్రమునకు ఇనుపకట్టును కాల్చి తొడుగుదురు గదా! చల్లారి కుదించుకొనిన కట్టు, బరువు రాకమునుపే చెక్కలనెల్ల బిగించి యుంచును. కాంక్రీటునుగూడ ఇట్లే ముందుగా బిగింపవచ్చునని 1880 దశకమున అమెరికాలో జాక్సన్, జర్మనీలో డోరింగ్ తలచిరి.

తలంపు మంచిదే, అయినను నలువది యేండ్లు ఫలింపలేదు. కారణము చూడుడు. పది మీటర్ల దూలములో మెత్తని ఇనుమును దాని శక్తికొలది లాగినను సాగునది సుమారు ఏడు మిల్లిమీటర్లు. కాంక్రీటు ఆరుటచేతను, ఎడతెగని నొక్కుడుచేతను నెలలు గడచినకొలది తానును దాదాపు అంతయే కురుచయగును. ఇక బిగువెక్కడిది?

ఈ ముడిని విప్పినవాడు ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ఫ్రెస్సినే. అతడు ఆలియే నదిపై కట్టిన కాంక్రీటు వంతెన 1911లో పూర్తియైన పిదప మెల్లమెల్లగా కుంగసాగెను. అతడు జాకీలతో కమానుల నెత్తి దానిని కాపాడెను. కాంక్రీటు బరువుక్రింద నెమ్మదిగా జరుగునను పాఠము అతనికి పుస్తకమున గాక నదిమీద దొరికినది. మిక్కిలి గట్టి ఉక్కుతీగను లాగినచో ఏడు మిల్లిమీటర్లు గాదు, అయిదు సెంటిమీటర్లు సాగును. అందు ఏడు మిల్లిమీటర్లు పోయినను నాలుగు సెంటిమీటర్లకు పైగా నిలుచును. 1928లో అతడు ఈ పద్ధతికి హక్కుపత్రము పొందెను.

ఇక లెక్క. పెద్దలు పలకబలపము పట్టినను తప్పులేదు. దూలము వెడల్పు 30, ఎత్తు 60 సెంటిమీటర్లు. అడ్డుకోత వైశాల్యము 1800. వెడల్పును ఎత్తు వర్గముచే గుణించి ఆరిట భాగింపగా 18,000. ఇది వంపున కెదురునిలుచు కొలత. తీగలను 1,12,500 కిలోగ్రాముల బలముతో లాగితిమి. కాలక్రమమున అయిదవ వంతు పోయి 90,000 మిగిలెను. తీగలు నడిమికి పది సెంటిమీటర్లు దిగువనున్నవి. వైశాల్యముచే భాగింపగా చదరపు సెంటిమీటరునకు 50. దిగువనుండుటచే అడుగున మరియొక 50. మొత్తము నూరు కిలోగ్రాముల నొక్కుడు. ఇది తీరి, కాంక్రీటు స్వంత సాగుడుబలము 30 గూడ తీరిన గాని బీట పుట్టదు. 130ని 18,000చే గుణింపగా 23.4 టన్ను-మీటర్లు. ఒక మీటరు గడ కొసను ఒక టన్ను వ్రేలాడదీసిన, మొదట కలుగు వంపుబలమే టన్ను-మీటరు.

బిగింపని దూలమునకు ఈ అంకె 5.4 మాత్రమే. పది మీటర్ల ఎడముపై ఆ దూలము స్వంత బరువే 5.6, అనగా కడ్డీ లేనిచో అది తన్ను తానే మోయజాలదు! ఇక జరుగబోవు నష్టమును మరచి మొదటి లాగుడునే నమ్మినవానికి 27.9 వచ్చును. వాడు 25 మోపును. అడుగున బీట తెరచుకొనును. తేమ తీగను చేరును. బిగువులోనున్న తీగకు త్రుప్పు పట్టుట ప్రమాదకరము, వెలుపలికి కానరాదు.

రాజమహేంద్రవరము కడ గోదావరిపై 1900లో తెరచిన హేవలాకు వంతెన ఇనుపదూలములది. 1997లో దానికి విశ్రాంతి నిచ్చిరి. దానికి బదులు నేడు రైళ్లను మోయుచున్నది కాంక్రీటు విండ్ల వంతెన. 28 ఖానాలు, ఒక్కొక్కటి సుమారు 97 మీటర్లు. విల్లు తన రెండు కొసలను వెలుపలికి త్రోయును. ఆ కొసలను పట్టియుంచు అల్లెత్రాడు క్రింది దూలమే. ఉత్త కాంక్రీటైనచో ఆ లాగుడునకు తునుగును. అందుచే దానిలో ఉక్కుత్రాళ్లను దూర్చి ముందుగనే బిగించిరి.