హాస్య యానిమేషన్ మీమ్

నవ్వించడానికి గీసిన చిన్న బొమ్మల వీడియోను చూసినవాళ్లు తమ మాట చెప్పుకోవడానికి వాడుకోవడం మొదలుపెడితే అది ఇంటర్నెట్ మీమ్ అవుతుంది. వైరల్ కావడం వేరు, మీమ్ కావడం వేరు. లక్షల మంది చూసి ఊరుకున్నది వైరల్ వీడియో. జనం పాట మార్చి, తల మార్చి, కింద సొంత వ్యాఖ్య చేర్చి మళ్లీ పంపుకున్నది మీమ్.

ఈ చరిత్రకు దారి వేసింది జిఫ్ ఫైలు. 1987లో కంప్యూసర్వ్ సంస్థ దాన్ని తెచ్చింది. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజరు జిఫ్ బొమ్మ ఆగకుండా తిరిగే వీలు కల్పించింది. మరుసటి ఏడాది, 1996లో, డైపర్ కట్టుకుని చేతులూ నడుమూ తిప్పుతూ చిందులేసే ఒక పసివాడి త్రీడీ బొమ్మ ఈమెయిళ్లలో చక్కర్లు కొట్టింది. అదే డ్యాన్సింగ్ బేబీ. ఎవరినో నవ్వించాలని చేసిన బొమ్మ కాదది. కైనెటిక్స్ సంస్థ తన యానిమేషన్ సాఫ్ట్‌వేర్ సత్తా చూపడానికి ఇచ్చిన నమూనా. జాన్ వుడెల్ దాన్ని జిఫ్‌గా కుదించాకే ఊరూరా పాకింది. 1998లో అమెరికన్ టీవీ సీరియల్ ‘ఆలీ మెక్‌బీల్’లోనూ కనిపించింది.

తర్వాతి దశ ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌ది. నెట్ నెమ్మదిగా నడిచే కాలంలో చిన్న ఫైల్లో బొమ్మనూ పాటనూ కలిపి ఇవ్వడం దాని బలం. 2003లో ఇంగ్లండుకు చెందిన జాంటీ పికింగ్ చేసిన ‘బ్యాడ్జర్’లో బ్యాడ్జర్ అనే జంతువులు వరసగా కసరత్తు చేస్తుంటాయి, మధ్యలో ఒక పుట్టగొడుగు, ఒక పాము వస్తాయి. కథ లేదు, ముగింపూ లేదు. కథ లేకపోవడమే దానికి కలిసొచ్చింది: ఎవరు ఎక్కడ చూడటం మొదలుపెట్టినా పోయేదేమీ లేదు.

2011 ఏప్రిల్ 2న క్రిస్ టోరెస్ నెట్‌లో పెట్టిన న్యాన్ క్యాట్ జిఫ్‌లో ఉన్నవి 12 ఫ్రేములే. బిస్కట్ లాంటి ఒళ్లున్న పిల్లి, వెనక ఇంద్రధనుస్సు చార. మూడు రోజుల తర్వాత మరొకరు దానికి ఒక జపనీస్ పాట జతచేసి యూట్యూబ్‌లో ఉంచారు. బొమ్మ ఒకరిది, పాట ఇంకొకరిది, ఆ రెంటినీ కలపాలన్న ఊహ మూడో మనిషిది. మీమ్ పుట్టుకను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అలాగని గీసినవాడి హక్కు పోదు. వీడియో గేములో ఆ పిల్లిని అనుమతి లేకుండా వాడారని టోరెస్ 2013లో వార్నర్ బ్రదర్స్ మీద కేసు వేశారు. అది రాజీతో ముగిసింది.

తెలుగునాట మీమ్ అంటే మొదట గుర్తొచ్చేది బ్రహ్మానందం ముఖమే. అది సినిమా దృశ్యమైనా పనిచేసే తీరు ఒకటే: రెండు సెకన్ల హావభావం కథలోంచి విడివడి ఏ సందర్భానికైనా అతుకుతుంది.

యానిమేషన్‌లో మాత్రం పెద్ద ఉదాహరణ హైదరాబాద్ నుంచే వచ్చింది. రాజీవ్ చిలక 2001లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ రూపొందించిన ‘ఛోటా భీమ్’ 2008 నుంచి పోగో చానల్‌లో ప్రసారమైంది. ఢోలక్‌పూర్‌లో లడ్డూ తిని బలం తెచ్చుకునే పిల్లవాడు భీమ్. అతని నేస్తం చుట్కీ. ఆ ఊరి రాకుమారి ఇందుమతి. దాన్ని చూస్తూ పెరిగిన పిల్లలు 2020 నాటికి కాలేజీ వయసుకు వచ్చారు, చేతిలో ఫోన్లున్నాయి, లాక్‌డౌన్‌లో తీరికా ఉంది. ఆ జూన్‌లో భీమ్ ఇందుమతిని పెళ్లాడాడన్న మాట పుట్టింది. ఇన్నేళ్లూ అమ్మ చేసిన లడ్డూలు తెచ్చి పెట్టిన చుట్కీ గతేం కావాలంటూ ‘జస్టిస్ ఫర్ చుట్కీ’ హ్యాష్‌ట్యాగ్ ట్విట్టర్‌లో ట్రెండయింది.

ఇక్కడ మీమ్‌కు ముడిసరుకు ఒక క్లిప్పు కాదు, ఒక తరం మొత్తానికీ తెలిసిన ముగ్గురి బంధం. పాత్రల్ని పరిచయం చేయనక్కర్లేకపోయింది. లడ్డూ అన్న ఒక్క మాటతో జోకు అందింది. డ్యాన్సింగ్ బేబీని చూసి నవ్వడానికి ముందే ఏమీ తెలియనక్కర్లేదు, చుట్కీ జోకుకు నవ్వాలంటే అన్నీ తెలిసుండాలి. అందుకే ఈ రెండోరకం మీమ్ దేశం సరిహద్దు దాటడం కష్టం, లోపల మాత్రం వేళ్లు లోతుగా దిగుతాయి.

చివరికి గ్రీన్ గోల్డ్ సంస్థే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది: భీమ్, చుట్కీ, ఇందుమతి ఇంకా చిన్నపిల్లలే, పెళ్లి వార్త అబద్ధం, వాళ్ల లోకంలోకి ప్రేమా పెళ్లీ తీసుకురావద్దు. ఆ మాట అనడం అవసరమే. ఒకప్పుడు చూసినవాళ్లు పెద్దవాళ్లయినా పాత్రలు కాలేదు; పోగోలో అప్పటికీ ఆ కథలు చూస్తున్నది చిన్నపిల్లలే.