నూతన ఆవిష్కరణకు సారథ్యం: హైదరాబాద్ టీకా చెప్పే పాఠాలు

కొత్త ఆలోచన పుట్టడం ఒక ఎత్తు, దానిని ప్రజలకు ఉపయోగపడే వస్తువుగా మార్చడం మరొక ఎత్తు. మొదటిది పరిశోధకుని ప్రతిభతో సాధ్యపడవచ్చు. రెండవ దానికి సంస్థను నడిపించే వ్యక్తి నేర్పు అవసరం. ఆ నేర్పులో ఏయే గుణాలు ఇమిడి ఉంటాయో తెలుసుకోవడానికి, హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ రూపొందించిన హెపటైటిస్-బి టీకా ఒక చక్కని ఉదాహరణ.

లక్ష్యంపై స్పష్టత

హెపటైటిస్-బి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ వ్యాధి. దీర్ఘకాలంలో ఇది కాలేయ క్యాన్సర్‌కు కూడా దారితీయగలదు. 1990వ దశకం ఆరంభంలో దీని నివారణ టీకాను భారతదేశం దిగుమతి చేసుకునేది. ఒక్కో డోసుకు వందల రూపాయలు వెచ్చించవలసి రావడంతో సామాన్య కుటుంబాలకు అది అందని వస్తువుగానే ఉండేది. నెల్లూరు జిల్లాలో జన్మించిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి టీకా తయారీ పరిజ్ఞానం కోసం ఒక విదేశీ సంస్థను కోరగా నిరాకరణ ఎదురైంది. 1993లో ఆయన సొంతంగా సంస్థను స్థాపించారు. టీకా తయారు చేయడంతోపాటు, దానిని సామాన్యుడు కొనగలిగే ధరకు అందించడం కూడా లక్ష్యంగా పెట్టుకున్నారు.

నిపుణులపై విశ్వాసం

వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, జీవశాస్త్రవేత్త కారు. తనకన్నా ఎక్కువ తెలిసిన వారిని ఒకచోట చేర్చి, వారి పనికి అడ్డు లేకుండా చూడడమే ఇటువంటి స్థితిలో నాయకుని కర్తవ్యం. సొంత ప్రయోగశాల లేని తొలినాళ్లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, ఆ తరువాత సీసీఎంబీలోనూ పరిశోధన సాగింది. పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్ కణాల ద్వారా టీకాకు కావలసిన ప్రోటీన్‌ను ఉత్పత్తి చేసే పద్ధతిని శాస్త్రవేత్తలు అభివృద్ధి చేశారు.

ఓర్పు గల పెట్టుబడి

పరిశోధన సాగినన్నాళ్లూ ఖర్చే తప్ప రాబడి ఉండదు. ఫలితం ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆ అనిశ్చితిని దాచకుండా వివరించి, వేచి ఉండగల పెట్టుబడిదారుని ఒప్పించడం నాయకుని మూడవ నేర్పు. నాటి ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడితో ముందుకు రావడం సంస్థకు ప్రాణం పోసింది. 1997 ఆగస్టులో ‘షాన్‌వాక్-బి’ పేరుతో టీకా విడుదలైంది. దిగుమతి టీకాల ధరలో స్వల్ప భాగానికే అది లభించింది. పోటీ పెరగడంతో ఇతర టీకాల ధరలు కూడా దిగివచ్చాయి.

నాణ్యతా బాధ్యత

ఆవిష్కరణ సఫలమైనంత మాత్రాన నాయకుని బాధ్యత తీరదు. 2009లో సనోఫీ ఈ సంస్థను స్వాధీనం చేసుకుంది. ఐదు వ్యాధుల నుంచి పిల్లలకు రక్షణ కల్పించే ‘షాన్5’ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతకుముందే గుర్తింపు ఇచ్చి ఉంది. అయితే కొన్ని సీసాలలో తెల్లని మడ్డి కనిపించడంతో 2010లో ఆ గుర్తింపును ఉపసంహరించింది. లోపాలను సరిదిద్ది గుర్తింపును తిరిగి పొందేసరికి 2014 వచ్చింది. ప్రయోగశాలలో విజయవంతమైన విధానం భారీ ఉత్పత్తిలోనూ అదే నాణ్యతను నిలుపుతుందా అన్న ప్రశ్నను నాయకత్వం పదేపదే వేసుకోవలసి ఉంటుందని ఈ అనుభవం తెలియజేస్తుంది.

టీకాల రంగానికే కాక సాఫ్ట్‌వేర్ సంస్థకైనా, సహకార సంఘానికైనా, ప్రభుత్వ కార్యాలయానికైనా ఈ నాలుగు అంశాలూ వర్తిస్తాయి. కొత్త పథకాన్ని చేపట్టే ముందు నాయకుడు కొన్ని ప్రశ్నలకు సమాధానం సిద్ధం చేసుకోవాలి. ఇది ఎవరి అవసరం తీరుస్తుంది? వారు భరించగల ఖర్చు ఎంత? తనకు తెలియనిది తెలిసినవారు ఎవరు? ఫలితం ఆలస్యమైతే సంస్థ ఎంతకాలం నిలదొక్కుకోగలదు? లోపం బయటపడితే దానిని ముందుగా గుర్తించి చెప్పే స్వేచ్ఛ సిబ్బందికి ఉందా? చివరి ప్రశ్నకు సమాధానం లేని చోట, మిగిలినవన్నీ సవ్యంగా ఉన్నా ఆవిష్కరణ ఎక్కువకాలం నిలవదు.