అటకెక్కిన ఫైళ్ళు

సీవీఎస్ రోజుల్లో పనిచేసినవాళ్ళకి 'ఆటిక్' డైరెక్టరీ గుర్తుండే ఉంటుంది. మెయిన్ బ్రాంచిలోంచి తీసేసిన ఫైలు చెరిగిపోకుండా అందులోకి చేరేది. ఆ మాటకి అర్థం మన అటకే!

2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్‌లో వేరే అటకంటూ లేదు, పాత కమిట్లే అటక. ఇవాళ ఫైలు తీసేసినా నిన్నటి కమిట్‌లో అది భద్రంగా ఉంటుంది. గిట్ లాగ్‌ని తీసేసినవి మాత్రమే చూపించమంటే ఎవరు, ఎప్పుడు, ఏది తీశారో వరసగా చెప్తుంది.

ఉన్న కోడ్ కన్నా నాకు ఆ జాబితానే ఇష్టం. మనవాళ్ళు ఏ దారిలో వెళ్ళి వెనక్కొచ్చారో అందులోనే తెలుస్తుంది. కాకపోతే పాస్‌వర్డులు కూడా ఆ అటక మీదే దొరుకుతాయి. ఫైలు డిలీట్ చేశాం కదా అని ఊరుకోకండి. ముందు పాస్‌వర్డ్ మార్చండి, చరిత్ర శుభ్రం చెయ్యడం తర్వాత చూసుకోవచ్చు.