ఏబీఎస్ లోపాన్ని కనిపెట్టే విద్య: స్కానర్‌కు ముందూ తర్వాతా

కారు లోపాలను కనిపెట్టే విద్య ఎలా ఎదిగిందని అడిగితే అందరూ ఒకే వరస చెబుతారు. మొదట మెకానిక్ చెవీ చెయ్యీ, తర్వాత మల్టీమీటరు, చివరికి స్కానర్. ఒకప్పుడు ఊహించి చెప్పేవారు, ఇప్పుడు యంత్రమే చెబుతుంది అంటారు. ఇంజన్ వరకు ఇది చాలామటుకు నిజం. యాంటీ లాక్ బ్రేకు (ఏబీఎస్), దానితో ముడిపడిన ట్రాక్షన్ కంట్రోల్ దగ్గరికి వచ్చేసరికి ఈ వరస నిలవదు. కర్ణాటకలోని చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణిలోని చిన్న గ్యారేజీల వైపు నుంచి చూస్తే ఆ సంగతి బాగా తెలుస్తుంది. ఏబీఎస్ లైటు వెలిగిన బండి అక్కడి మెకానిక్‌కు కొరుకుడు పడకపోతే అతనికి చదువు చాలదని తేల్చేస్తున్నారు. అసలు కారణం కాలిఫోర్నియాలో పొగ మీద రాసిన ఒక నిబంధనలో ఉందని నా వాదన.

తొలి ఘట్టాలు తెలిసినవే. 1950లలో డన్‌లప్ వారి మాక్సరెట్ విమానాల చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడింది. 1966లో అదే జెన్సన్ ఎఫ్ఎఫ్ కారులోకి వచ్చింది. 1971లో క్రిస్లర్ ఇంపీరియల్, 1978లో బాష్ ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌తో మెర్సిడెస్ ఎస్-క్లాస్. 1980ల నడుమ ట్రాక్షన్ కంట్రోల్ జతకలిసింది. బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసేది ఏబీఎస్, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రం ఉన్నచోటే గిర్రున తిరగకుండా చూసేది ట్రాక్షన్ కంట్రోల్. రెండింటికీ ఆధారం చక్రాల వేగం చెప్పే నాలుగు సెన్సార్లే. అందుకే ఒక్క సెన్సార్ చెడితే రెండు లైట్లూ వెలుగుతాయి.

చరిత్రలు తొందరగా దాటేసే కాలం ఆ తర్వాతిది. 1980లు, 90లలో టొయోటా, హోండా లాంటి చాలా కార్లలో కనెక్టర్‌లోని రెండు పిన్నులను చిన్న వైరు ముక్కతో కలిపితే చాలు, డాష్‌బోర్డు మీది ఏబీఎస్ లైటే మినుకుమంటూ కోడ్ చెప్పేది. మెరుపులు లెక్కపెట్టి పుస్తకంలో చూసుకుంటే ఏ చక్రం సెన్సారో తెలిసేది. అంటే స్కానర్‌కు ముందున్నది ఒట్టి ఊహాగానం కాదు. వైరు ముక్క ఉన్న ఎవరికైనా బ్రేకు తన లోపం చెప్పుకునేది.

దాన్ని పక్కకు నెట్టింది ఓబీడీ (ఆన్-బోర్డ్ డయాగ్నస్టిక్స్). లాస్ ఏంజలిస్ పొగమంచు బాధ పడలేక కాలిఫోర్నియా 1988 మోడల్ కార్ల నుంచి ఇంజన్ తన లోపం తానే గుర్తించాలంది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ పదహారు పిన్నుల ఒకే కనెక్టర్, ఒకే రకం కోడ్లు తప్పనిసరి అయ్యాయి. గొప్ప సంస్కరణే, సందేహం లేదు. కానీ ఆ నిబంధన పుట్టింది పొగ కోసం. బ్రేకు, స్టీరింగ్ వగైరా కోడ్లకు సి అనే అక్షరం కేటాయించారు గానీ, వాటిని ఏ రీడరైనా చదవగలగాలన్న నిర్బంధం పెట్టలేదు. చాలా కోడ్ల అర్థం కంపెనీల దగ్గరే ఉండిపోయింది. మన దేశంలోనూ ఓబీడీ భారత్ స్టేజ్ నిబంధనల వెంట, అంటే మళ్లీ పొగ వెంటే వచ్చింది. ఫలితంగా చౌక కోడ్ రీడర్ తగిలిస్తే ఇంజన్‌లో లోపమేమీ లేదంటుంది, పైన ఏబీఎస్ లైటు వెలుగుతూనే ఉంటుంది. స్కానర్ తప్పు చెప్పలేదు, దాన్ని బ్రేకు గురించి అడగనివ్వలేదంతే.

ఇక్కడొక సవరణ చేసుకోవాలి. మెరుపుల కోడ్ల కాలంలో మన రోడ్ల మీద ఏబీఎస్ ఉన్న కార్లు అరుదు. 2005లో వచ్చిన మారుతి స్విఫ్ట్‌లో కూడా అది పై రకాలకే దక్కింది. కాబట్టి బాగేపల్లి మెకానిక్ చేతిలో ఉన్నదేదో లాక్కున్నారని అనలేం. 2018 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లకు, 2019 ఏప్రిల్ నుంచి అన్ని కార్లకూ ఏబీఎస్ తప్పనిసరి చేసినప్పుడు, అతనికి ఆ వస్తువు మూతపడిన రూపంలోనే చేరింది. నడుమ మెట్టు ఎక్కే అవకాశమే రాలేదు.

సెన్సార్ మారడం రెండో కారణం. పాతది తీగచుట్ట, అయస్కాంతం. ఎదురుగా పళ్ల చక్రం. నడుమ సందు ఒక మిల్లీమీటరు అటూఇటూ. మల్టీమీటరుతో ఓమ్‌లు కొలవొచ్చు, పన్ను విరిగితే కంటికి కనబడుతుంది. అయితే వేగం తగ్గేకొద్దీ దాని సంకేతం సన్నగిల్లుతుంది. బండి కదిలీ కదలకముందే చక్రం జారుడు పసిగట్టాల్సిన ట్రాక్షన్ కంట్రోల్‌కు అది చాలదు. అందుకే కరెంటు సరఫరాతో పనిచేసే యాక్టివ్ సెన్సార్ వచ్చింది. పళ్ల చక్రం బదులు బేరింగు సీలులోనే అయస్కాంత పట్టీ ఉంటుంది. కంటికి అన్ని వైపులా ఒకేలా కనిపించే ఆ బేరింగును తిరగేసి బిగిస్తే సంకేతమే రాదు. కొత్త సెన్సార్ వేసినా లైటు ఆరదు. ఓమ్‌ల కొలతకూ ఇక్కడ అర్థం లేదు.

చుట్టుపక్కల క్వారీల దుమ్మే సెన్సార్లను చెడగొడుతుందన్న మాట వాడుకలో ఉంది. నాకది పూర్తిగా నమ్మబుద్ధి కాదు. అయస్కాంతం పట్టి ఉంచేది గ్రానైటు పొడిని కాదు, ముఖ్యంగా బ్రేకు డిస్కు నుంచి రాలే ఇనుప రజనును, తుప్పును. ఈ సీమలో అంతకన్నా అనుమానించదగ్గది కోతల కాలపు రోడ్డు. రాగి, ఉలవ కట్టెను తారు మీద పరిచి బండ్ల చక్రాల కిందే నూరుస్తారు. ఆ గడ్డి యాక్సిలుకు చుట్టుకుని బిగిస్తే సెన్సార్ వైరు తెగొచ్చు. తాళం తిప్పగానే లైటు వెలిగి ఆరకుండా ఉంటే ముందు ఇలాంటి వైరింగు తెగింపునే అనుమానించాలి. కాస్త దూరం నడిచాక వెలిగితే సందు, పళ్లు, బేరింగు ఆట చూడాలి. ఈ తేడా పట్టుకోవడానికి ఏ స్కానరూ అక్కర్లేదు.

ఇప్పటి పరిస్థితి నాకు తృప్తిగా లేదు. పలు కంపెనీల కార్ల బ్రేకు కోడ్లు చదివే స్కానర్లు వచ్చిన మాట నిజమే. కానీ కోడ్ ఏ చక్రం సర్క్యూటో చెబుతుంది, కారణం చెప్పదు. కోడ్ చూసి సెన్సార్ మార్చడం, అది పనిచేయకపోతే కోడ్ చెరిపేసి బండి ఇచ్చేయడం అలవాటైపోయింది. పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు పనిచేస్తుంది. దానితో ఎర్ర బ్రేకు లైటు కూడా కలిస్తే వెనక చక్రాలకు బ్రేకును సరిపంచే ఏర్పాటు కూడా పోయి ఉండవచ్చు, గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే బిగుసుకుంటాయి. అలాంటి బండిని జాతీయ రహదారి 44 ఎక్కించకూడదు.

బ్రేకు మాడ్యూల్ ప్రాణాలకు సంబంధించినది, అందరి చేతికీ ఇవ్వలేమని కంపెనీలనే మాటలో కొంత బరువుంది. మాడ్యూల్‌లో సెట్టింగులు మార్చడానికి ఆ జాగ్రత్త న్యాయమే. లోపం చదవడానికి ఎందుకు? విడిభాగాలు, లోపం కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వలేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది, అవి అందించాలని ఆదేశించింది. తర్వాత ఏళ్ల తరబడి అప్పీళ్లు నడిచాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద వేసిన కమిటీ పరిధిలో మోటారు వాహనాలు కూడా ఉన్నాయి. పొగ కోడ్లకు 1996లో అమెరికా చేసిన పనిని బ్రేకు కోడ్లకు మనం చేయాలి. ఏబీఎస్‌ను తప్పనిసరి చేసిన ప్రభుత్వమే దాని కోడ్లను కూడా ఏ రీడరైనా చదివేలా తెరిపించాలి.