పాదరక్షలు విడుచుట (అనంతపురము సీమ)

దేవాలయము, మసీదు, దర్గా మొదలగు ప్రార్థనాస్థలములలో ప్రవేశించుటకు ముందు చెప్పులను వెలుపలనే విడిచిపెట్టు ఆచారము. వీథిధూళిని లోపలికి రానీయకుండుట, చర్మమును గూర్చిన అశౌచభావము, దైవసన్నిధిని వినయమును చూపుట అనునవి దీనికి ముఖ్యకారణములు. నుదురు నేలకు ఆనించి నమాజు చేయు మసీదులలో నేల శుభ్రతయే ప్రధానము. పవిత్రస్థలమున పాదరక్షలు విడువుమని మూసాప్రవక్తకు దైవాజ్ఞ యైనట్లు బైబిలునందును ఖురానునందును కలదు.

వర్షము కడు స్వల్పమై, రాతినేల విస్తారమైన అనంతపురము పీఠభూమిలో ఈ ఆచారము వేసవియందు కొంత కష్టసాధ్యము. 16వ శతాబ్దిలో అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ కట్టించిన లేపాక్షి వీరభద్రాలయము కూర్మశైలమను రాతిగుట్టపై నుండుటచే, మధ్యాహ్నవేళ కాగిన బండలపై వట్టికాళ్లతో నడచు భక్తులు మండపముల నీడకు త్వరపడుదురు. ఇట్టి తాపమునకు ఉపశమనముగా పెక్కు ఆలయములలో కొబ్బరినార పట్టాలు పరచి నీరు చల్లుదురు. నడకదారికి తెల్లరంగు పూయుటయు కలదు. కదిరి నరసింహాలయమునను, తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయమునను, పెనుకొండ బాబయ్య దర్గాలోను ఈ నియమము సమానమే. నార్పల సమీపమందలి గూగూడులో మొహర్రమునాడు కుళ్లాయిస్వామి భక్తులు, హిందువులును ముస్లిములును, వట్టికాళ్లతోనే అగ్నిగుండము తొక్కుదురు.

గుడి వెలుపల విడువవలసిన పాదరక్షయే దైవసంబంధముచే పూజార్హ మగుటయు కలదు: తిరుపతి అలిపిరి పాదాలమండపమున భక్తులు స్వామి పాదుకలను శిరస్సున దాల్చి ప్రదక్షిణము చేయుదురు. పెద్ద క్షేత్రములలో చెప్పులను భద్రపరచుటకు ప్రత్యేకశాలలు ఏర్పడినవి.